ట్యూబ్ గిటార్ ఆంప్లిఫయర్: ఖర్చు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి?

ప్రశ్న

ఇంట్లో సాధనకూ, అప్పుడప్పుడు చిన్న హాలులో డ్రమ్స్ పక్కన వాయించడానికీ పనికొచ్చే, వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్‌ను సొంతంగా తయారు చేసుకోవాలని ఉంది. స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబుగా ఒకే 6వి6 పెట్టి 5 వాట్ల వరకు ఇచ్చే ఫెండర్ చాంప్ 5ఎఫ్1 సర్క్యూట్ చవకగా తేలుతోంది. రెండు 6వి6లు ఒకదానికొకటి ఎదురు దిశల్లో పనిచేసే పుష్-పుల్ పద్ధతిలో చేస్తే 15 వాట్ల దాకా వస్తుంది గానీ ఖర్చు బాగా పెరుగుతోంది. ఆ అదనపు ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా? దేనిలో తగ్గించుకోవచ్చు?

మొదటి సమాధానం

5 వాట్ల నుంచి 15 వాట్లకు వెళ్తే పెరిగేది దాదాపు 5 డెసిబెల్స్ మాత్రమే. శబ్దం రెట్టింపైనట్టు చెవికి తోచాలంటే సుమారు 10 కావాలి. కాబట్టి ముందు స్పీకర్ సంగతి చూడండి. సెన్సిటివిటీ (అదే వాట్లకు ఎంత శబ్దం ఇస్తుందన్న కొలత) 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్ పెడితే వాట్లను రెట్టింపు చేసినట్టే. అయినా డ్రమ్స్ పక్కన గిటార్ స్వరం చెదరకుండా శుభ్రంగా వినిపించాలంటే నేను పుష్-పుల్ వైపే మొగ్గుతాను. ఒంటి ట్యూబు సర్క్యూట్‌లో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా డీసీ ఎప్పుడూ ఒకే దిశలో పారుతుంది కనుక, దాని ఇనుప కోర్ శాచురేట్ కాకుండా (అయస్కాంతత్వంతో నిండిపోకుండా) అందులో చిన్న గ్యాప్ వదలాలి. దానివల్ల ఇండక్టెన్స్ తగ్గి బేస్ (మంద్ర స్వరాలు) పలచబడుతుంది, లేదంటే కోర్ పెద్దది చేయాలి. పుష్-పుల్‌లో రెండు వైపుల డీసీ ప్రభావం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది కాబట్టి అదే పరిమాణంలోని కోర్‌తో ఎక్కువ వాట్లు రాబట్టవచ్చు.

రెండో సమాధానం

ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ట్యూబును మానేసి డయోడ్లు పెడితే దాని ధరతో పాటు పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో విడిగా చుట్టే 5 వోల్టుల వైండింగ్ ఖర్చూ మిగులుతుంది. అయితే డయోడ్లతో డీసీ వోల్టేజి పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైండింగ్‌ను ఆ లెక్క ప్రకారం ఎంచుకోండి. గట్టిగా మీటినప్పుడు వోల్టేజి కుంగి స్వరం మెత్తబడే గుణం కొంత పోతుందన్నది నిజమే. కానీ ఇలాంటి పొదుపును తక్కువ చేసి చూడలేం. ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ ఆంప్లిఫయర్ నమూనాను దాదాపు అలాగే తీసుకున్న మార్షల్ కంపెనీ, 1960ల మధ్యలో కేటీ66 పవర్ ట్యూబుల స్థానంలో ఇఎల్34లను, రెక్టిఫయర్ ట్యూబు స్థానంలో డయోడ్లను తెచ్చాకే ఇప్పుడు అందరూ వెతుక్కునే ఆ కరుకైన మార్షల్ ధ్వని వచ్చింది.

మూడో సమాధానం

చేతి వైరింగ్‌తోనే మంచి ధ్వని వస్తుందన్న మాట నేను నమ్మను. పీసీబీ (అచ్చు సర్క్యూట్ బోర్డు) వాడి నిక్షేపంగా ఖర్చు తగ్గించుకోవచ్చు. పవర్ ట్యూబుల సాకెట్లను మాత్రం బోర్డు మీద కాకుండా ఛాసిస్‌కే బిగించి తీగలతో కలపండి, లేకపోతే ఆ వేడికి, ట్యూబులు మార్చినప్పటి ఒత్తిడికి సోల్డర్ అతుకులు పగులుతాయి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు కాబట్టి దాన్ని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్, ఫ్యూజు, ఎర్త్ తప్పకుండా పెట్టండి. లోపల చెయ్యి పెట్టే ముందు మీటరుతో కొలిచి చూసుకోండి.