థైరాయిడ్‌లో 8 మి.మీ. గడ్డ: సూది పరీక్ష ఇప్పుడే చేయించాలా?

నరసరావుపేట అమ్మాయి:
అందరికీ నమస్తే. అమ్మకి 54 ఏళ్లు. కళ్లు తిరుగుతున్నాయంటే మెడ డాప్లర్ తీయించాం. రక్తనాళాలు బాగానే ఉన్నాయి గానీ, రిపోర్టు చివర్లో థైరాయిడ్ కుడివైపు 8 మి.మీ. నాడ్యూల్, టైరాడ్స్ 4 అని రాశారు. ఒక డాక్టరుగారు వెంటనే ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే పరీక్ష) చేయించమన్నారు, ఇంకొకరు అక్కర్లేదన్నారు. అమ్మ సరిగ్గా అన్నం తినట్లేదు, పొద్దస్తమానం మెడ తడుముకుంటోంది. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా వచ్చిందా?

వరంగల్ స్కానింగ్ డాక్టర్:
అమ్మా, ముందు ఒక మాట మీ అమ్మగారికి చెప్పండి. ఆ 4 క్యాన్సర్ స్టేజి కాదు. చాలామంది అలాగే అనుకుని హడలిపోతారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ఇచ్చిన పాయింట్ల లెక్క అది. గడ్డలో నీరు లేకుండా ఘనంగా ఉంటే 2, చుట్టూ ఉన్న గ్రంథి కంటే నల్లగా కనిపిస్తే ఇంకో 2. ఈ రెండూ కలిస్తే చాలు, 4వ తరగతిలో పడుతుంది. ఆ లెక్క ప్రకారం 4వ తరగతి గడ్డకి 1.5 సెం.మీ. ఉంటేనే సూది. 5వ తరగతికి కూడా 1 సెం.మీ. నుంచే.

మేం జాగ్రత్తగా వెతికేవి వేరే: అడ్డం కన్నా నిలువు ఎక్కువగా ఉండటం, లోపల ఇసుక రేణువుల్లా తెల్లటి చుక్కలు. వీటికి ఒక్కోదానికి 3. మెడ పక్కన అనుమానంగా ఉన్న లింఫ్ బిళ్లలు కనిపిస్తే మాత్రం సైజు చూసి ఆగం. డాప్లర్‌లో ఇవన్నీ వివరంగా చూడరు కాబట్టి విడిగా మెడ అల్ట్రాసౌండ్ చేయించండి, బిళ్లల సంగతి రిపోర్టులో రాయమనండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూశారా? అది తక్కువుంటే ముందు న్యూక్లియర్ స్కాన్, సూది తర్వాత.

బెజవాడ టీచర్:
నాది 2.2 సెం.మీ., అందుకే సూది తప్పలేదు. భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చమన్నారు. "గుటక మింగకండి, మాట్లాడకండి" అన్నారు. రక్తం తీసే సూదికంటే సన్నటిదే. మూడుసార్లు పొడిచారు, రెండ్రోజులు కాస్త సలుపు, అంతే. అసలు బాధ రిపోర్టుతో వచ్చింది. సూది ఫలితానికి ఇచ్చే తరగతి బెథెస్డా 1 అని ఉంటే మొదటి స్టేజి అనుకుని రాత్రంతా ఏడ్చాను. తీరా చూస్తే కణాలు సరిపడా రాలేదని దాని అర్థం! ఆ ల్యాబ్‌లో స్కాన్ చూడకుండా చేత్తో తడిమి తీశారు. కొన్ని వారాలాగి అల్ట్రాసౌండ్ చూస్తూ మళ్లీ తీయిస్తే బెథెస్డా 2, అంటే మామూలు గడ్డ. సూది వేయించాల్సి వస్తే స్కాన్ చూస్తూనే తీస్తారా అని ముందే అడగండి.

స్లైడ్లు చూసేదాన్ని:
టీచర్‌గారూ, ఎంతమంది ఇలా ఏడ్చారో నాకు తెలుసు. బెథెస్డా అమెరికాలో ఒక ఊరు. 2007లో అక్కడ జరిగిన సమావేశంలో ఈ ఆరు తరగతులకి పునాది పడింది. ఒక్కో గుంపులో కనీసం 10 కణాల చొప్పున 6 గుంపులు కనిపిస్తే గానీ మేం సాధారణంగా "సరిపోయింది" అని రాయం. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సూదికి ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

ఒంగోలు తమ్ముడు:
అక్కకి బెథెస్డా 4 వచ్చింది, అంటే క్యాన్సరో కాదో సూదితో తేలని తరగతి. గడ్డ చుట్టూ ఉన్న పొరని కణాలు దాటాయో లేదో సూదికి తెలియదట. సగం గ్రంథి తీశాకే క్యాన్సర్ కాదని తేలింది. సూదితో అంతా తేలిపోతుందనుకున్నాం, ముందే ఎవరూ చెప్పలేదు.

ఒసాకా తెలుగువాడు:
ఇక్కడికి దగ్గర్లో కోబేలోని కుమా హాస్పిటల్ 1993 నుంచి, సూదిలో పాపిల్లరీ క్యాన్సరని (థైరాయిడ్ క్యాన్సర్లలో ఒక రకం) తేలినా 1 సెం.మీ. లోపువైతే, ప్రమాద లక్షణాలు లేనివారికి ఆపరేషన్ చేయకుండా స్కాన్లతో గమనిస్తోంది. 2014లో వాళ్లు ప్రచురించిన 1,235 మందిలో, పదేళ్లకి 3 మి.మీ. అంతకుమించి పెరిగినవి సుమారు 8 శాతం. అమ్మగారికి ఈ సంగతి చెప్పండి.

నరసరావుపేట అమ్మాయి:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మెడ అల్ట్రాసౌండ్ అయింది. బిళ్లలేవీ లేవు, తెల్ల చుక్కల్లేవు, టీఎస్‌హెచ్ మామూలే. ఎండోక్రినాలజిస్టుగారు (హార్మోన్ల డాక్టరు) సూది వద్దన్నారు, అమ్మ దిగులు చూసి ఏడాది తర్వాత ఒకసారి స్కాన్ చేద్దామన్నారు. కొలతలు పోల్చడానికి ఈ ఫిల్ములు దాచమన్నారు. కళ్లు తిరగడం చెవి లోపలి సమస్యట, దానికి వేరేగా చూపిస్తున్నాం.