పాత టీబీఐ కంప్యూటర్‌ను మనమే ట్యూన్ చేసుకోవడం సబబేనా?

తిరుపతి జోంగా:

అందరికీ నమస్కారం. మా జోంగాలో (సైన్యం వాడిన పాత రకం జీపు) నిస్సాన్ ఆరు సిలిండర్ల 3956 సీసీ పెట్రోలు ఇంజన్ అలాగే ఉంది. కార్బ్యురేటర్ తీసేసి, మా బావగారు అమెరికా నుంచి తెచ్చిన జనరల్ మోటార్స్ థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ (టీబీఐ) బిగించాం. అక్కడ షెవ్రొలె 4.3 లీటర్ల వీ6 ఇంజన్‌తో వచ్చిన సెట్టు అది. రెండు ఇంజెక్టర్లు, 1227747 నంబరు కంప్యూటర్. ఇగ్నిషన్ పాత డిస్ట్రిబ్యూటర్‌దే, కాబట్టి కంప్యూటర్ చూసుకునేది పెట్రోలు ఒక్కటే.

ఊళ్లో బండి చక్కగా నడుస్తుంది. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం పెడల్ సగం దాటితే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు అవుతుంది. ప్లగ్గులు విప్పితే తెల్లగా ఉన్నాయి. అంటే మిశ్రమం లీన్, గాలికి తగినంత పెట్రోలు అందడం లేదు. బెంగళూరులో ఒక ట్యూనర్‌ను అడిగితే పాత కంప్యూటర్ పక్కన పడేసి కొత్తది పెట్టించుకోమన్నారు. నాకది నచ్చలేదు. ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టికలు ఈ కంప్యూటర్ చిప్పులో ఉంటాయి, వాటిని ఔత్సాహికులు ఏళ్ల తరబడి తవ్వి బయటపెట్టారు. వాటిని మార్చే ట్యూనర్‌ప్రో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. బండి నాది, చిప్పూ నాదే. మరో ఇంజన్ కోసం రాసిన పట్టికను నా ఇంజన్‌కు తగినట్టు మార్చుకుంటే తప్పేమిటి?

చిత్తూరు షెడ్డు:

తమ్ముడూ, తప్పని అనను, తొందరపాటు అంటాను. ఇంజెక్షన్ బండ్లు ఎన్నో చూశాను. కంప్యూటర్ చెడిందనో, పట్టిక కుదరలేదనో చెప్పి తెచ్చినవాటిలో చాలావరకు వేరేచోట లోపం ఉన్నవే. మీ టీబీఐకి పెట్రోలు ప్రెషర్ చదరపు అంగుళానికి 9 నుంచి 13 పౌండ్లు చాలు. ఇంత తక్కువ ప్రెషర్‌తో పనిచేసేదానికి రెండు పౌండ్లు పడిపోయినా పెద్ద తేడాయే. ఫిల్టర్ మూసుకుపోయినా, పంపు నీరసించినా, పంపుకు వెళ్లే వైరు సన్నగా ఉన్నా ఊళ్లో తెలియదు. ఘాట్‌లో ఇంజన్ ఎక్కువ తాగబోయినప్పుడే తెలుస్తుంది. మీరు చెబుతున్నది అచ్చం అదే.

ఇంకొకటి. మానిఫోల్డ్ దగ్గర సైలెన్సర్ గాస్కెట్ కాస్త లీకైనా బయటి గాలి ఆక్సిజన్ సెన్సర్‌కు తగులుతుంది. సెన్సర్ లీన్ అని అబద్ధం చెబుతుంది, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఇవేవీ చూడకుండా చిప్పు రాసుకుంటే రోగాన్ని చిప్పులోకి ఎక్కించినట్టే. రేపు పంపు మార్చిన రోజు బండి నల్లపొగ కక్కుతుంది.

నన్నడిగితే కార్బ్యురేటరే మేలు. పీలేరు నుంచి పలమనేరు దాకా ఏ మెకానిక్ అయినా విప్పి శుభ్రం చేసి ఇస్తాడు. రాత్రిపూట దారిలో మీ కంప్యూటర్ మొరాయిస్తే ఎవరికి ఫోన్ చేస్తారు?

డాలస్‌లో చంద్రగిరి:

అన్నా, పంపు, గాస్కెట్ గురించి మీరు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. కార్బ్యురేటర్ మాట మాత్రం ఒప్పుకోను. ఇక్కడ నా 1990 షెవ్రొలె పికప్‌లో ఇదే కుటుంబానికి చెందిన టీబీఐ ఉంది. దారిలో మొరాయిస్తే ఏది చెడిందో అదే చెప్పే కంప్యూటర్ ఇది. ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. డయాగ్నొస్టిక్ సాకెట్‌లో ఏ, బీ పిన్నులను ఒక చిన్న తీగతో కలిపి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పండి. చెక్ ఇంజన్ దీపం ఒకసారి వెలిగి, ఆగి, వెంటనే రెండుసార్లు వెలుగుతుంది. అది 12, అంటే పరీక్ష మొదలైంది. మూడుసార్లు 12 చెప్పాక, దాచుకున్న కోడ్లుంటే వరుసగా చెబుతుంది. 44 వస్తే లీన్, 45 వస్తే రిచ్ (పెట్రోలు ఎక్కువ), 33 లేదా 34 వస్తే మానిఫోల్డ్ పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్ సంగతి చూడాలి. ఏ కార్బ్యురేటర్ ఇలా నోరు విప్పి చెబుతుంది?

జోంగా గారూ, ముందు డేటా రికార్డు చేయండి. వేగం 160 బాడ్ (సెకనుకు 160 బిట్లు) మాత్రమే, సుమారు ఒకటిన్నర సెకనుకు ఒకసారి అంకెలు వస్తాయి. ఓపిక పట్టాలి. చూడవలసింది బీఎల్ఎం అనే అంకె. 128 ఉంటే పట్టిక సరిపోయింది. అంతకంటే పెరిగితే కంప్యూటర్ పెట్రోలు కలుపుతోంది, తగ్గితే కోస్తోంది. మన దగ్గర ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది. ఒక పాలు శుద్ధ పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. అంటే దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. పెడల్ లోతుగా నొక్కినప్పుడు ఈ కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ మాట వినడం మానేసి, పట్టికలోని అంకెనే గుడ్డిగా పాటిస్తుంది. ఆ పట్టిక ఇథనాల్ లేని రోజుల్లో రాసింది. మీ ప్లగ్గులు తెల్లబడడానికి నాకు కనిపిస్తున్న కారణం అదే. చిప్పు మార్చక తప్పదు.

తిరుపతి నుంచి, ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను:

చంద్రగిరి గారి లెక్కలో సగమే ఉంది. 4.3 లీటర్ల ఇంజన్ కోసం రాసిన చిప్పు 3.96 లీటర్ల ఇంజన్‌లో పెట్టారు. సిలిండర్ పరిమాణాన్ని బట్టి లెక్కకట్టిన స్థిరాంకం చిప్పులో ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చలేదు కదా? అంటే ఈ కంప్యూటర్ అవసరానికి మించి దాదాపు 9 శాతం పెట్రోలు పోస్తూ ఉండాలి. ఇథనాల్ వల్ల కావలసింది 9 శాతం అదనం. రెండూ ఇంచుమించు చెల్లుకు చెల్లు! అయినా ఘాట్‌లో లీన్ అవుతోందంటే చిత్తూరు గారి పంపు మీదే నాకు అనుమానం. ఇంజన్ ఊపిరి పీల్చే తీరు వేరు కాబట్టి ఈ లెక్క తుది మాట కాదు. కానీ చిప్పు జోలికి వెళ్లే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

చిప్పు గురించి కూడా చెప్పాలి. ఇందులో ఉండేది 2732 రకం ఈప్రామ్, అంటే చెరిపి మళ్లీ రాసుకోగల మెమరీ చిప్పు. 24 కాళ్లు, మొత్తం 4096 బైట్లు. ప్రోగ్రామూ పట్టికలూ అన్నీ అందులోనే. చెరపాలంటే పైనున్న గాజు కిటికీ మీది స్టిక్కర్ తీసి అతినీలలోహిత దీపం కింద పెట్టాలి. రాయాలంటే రకాన్ని బట్టి 21 లేదా 25 వోల్టులు కావాలి. ఇప్పుడు చౌకగా దొరికే ప్రోగ్రామర్లలో చాలావాటికి అంత వోల్టేజి ఇచ్చే శక్తి లేదు. రాసినట్టే చూపి సగం రాసిన చిప్పు చేతిలో పెడతాయి. అందుకే 28 కాళ్ల అడాప్టర్ పెట్టి, విద్యుత్తుతోనే చెరిగే చిప్పు వాడడం మంచిది. అసలు చిప్పును చదివి ఫైలు భద్రపరచి, ఆ చిప్పును మాత్రం ఎప్పటికీ చెరపకండి. డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి.

కోర్టు రోడ్డు, చిత్తూరు:

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటుంది. చిప్పుకంటే ముందు ఇంజెక్షన్ బిగించడమే ప్రశ్న అవుతుంది. రవాణా కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి.

డాలస్‌లో చంద్రగిరి:

ఇక్కడా అంతే. సొంత బండి సాఫ్ట్‌వేర్ తెరిచి చూసుకోవడానికి 2015లో కాపీరైట్ మినహాయింపు ఇచ్చారు. పొగను అదుపు చేసే ఏర్పాట్లను చెడగొడితే మాత్రం స్వచ్ఛవాయు చట్టం ఉల్లంఘనే. జోంగా లాంటి పాత బండికి మన దగ్గర ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3 శాతం. సరిగ్గా ట్యూన్ చేసిన టీబీఐ ఆ హద్దుకు చాలా దిగువన ఉంటుంది. కార్బ్యురేటర్‌కు తిరిగి వెళ్లడం కంటే ఊరి గాలికి ఇదే మంచిది. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను.

ఎలక్ట్రానిక్స్ మేడమ్ గారి లెక్క బాగుంది, నేను ఇంజన్ పరిమాణం కలపలేదు. దీన్ని తేల్చే దారి ఉంది. బీఎల్ఎం అన్ని వేగాల్లోనూ ఒకే తీరున పెరిగి ఉంటే అది ఇంధనం మారిన గుర్తు. తేలిక నడకలో 128 దగ్గరే ఉండి, లోడు పెరిగేకొద్దీ 140, 150కి పాకితే పంపు మీద అనుమానం బలపడుతుంది.

మదనపల్లె రాము:

ఘాట్‌లో ఎత్తు పెరిగి గాలి పలచబడుతుంది కదా, కొండకు వేరే చిప్పు అవసరం లేదా?

తిరుపతి నుంచి, ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను:

అక్కర్లేదు రాము గారూ. ఈ కంప్యూటర్ మానిఫోల్డ్‌లోని పీడనాన్ని నేరుగా కొలిచి పెట్రోలు లెక్కకడుతుంది. మీ హార్స్‌లీ హిల్స్ మీద, 1265 మీటర్ల ఎత్తున, గాలి పీడనం 87 కిలోపాస్కల్స్ దగ్గరకు దిగుతుంది. సెన్సర్ ఆ అంకెనే చూస్తుంది కాబట్టి పెట్రోలు దానంతట అదే తగ్గుతుంది. ఈ విషయంలో మాత్రం కార్బ్యురేటర్ దీనికి సాటి రాదు, చిత్తూరు గారు ఏమనుకున్నా సరే.

చిత్తూరు షెడ్డు:

ఏమీ అనుకోనమ్మా, ఎత్తు విషయంలో మీదే నిజం. జోంగా తమ్ముడూ, బండి తీసుకురండి. 100 పౌండ్ల గేజీ మీద 9కీ 11కీ తేడా కంటికి ఆనదు. నా దగ్గర 15 పౌండ్ల గేజీ ఉంది. టేపుతో అద్దానికి కట్టి ఘాట్ ఎక్కుదాం, ముల్లు ఎక్కడ పడిపోతుందో ఇద్దరం చూద్దాం. ప్రెషర్ నిలకడగా ఉంటే మీ చిప్పుకు నేను అడ్డు చెప్పను.

తిరుపతి జోంగా:

వస్తాను అన్నా. లాగింగ్ కేబుల్ కూడా తెస్తాను, గేజీ చూస్తూనే బీఎల్ఎం రికార్డు చేద్దాం. ఒక్క మాట ముందే చెబుతున్నాను. పంపు మార్చాల్సి వస్తే మారుస్తాను, కానీ ఆ తర్వాత 4.3 లీటర్లకు లెక్కకట్టిన స్థిరాంకాన్ని 3.96కు తగినట్టు మార్చకుండా మాత్రం ఉండను. ఆ అంకె తప్పని తెలిశాక దాన్ని అలాగే వదిలేయడం నావల్ల కాదు. రెండు రికార్డులూ ఇక్కడే పెడతాను.