1914 ఫోర్డ్ మోడల్ టీ చేస్తున్నా, ఇత్తడి రేడియేటరు దగ్గర ఆగింది

పాతబండి, ప్రొద్దుటూరు:
అందరికీ నమస్తే. 1914 ఫోర్డ్ మోడల్ టీ టూరింగ్ కారును (పైన గట్టి కప్పు లేని బండి) ఎనిమిదో వంతు సైజు బొమ్మగా చేస్తున్నా. కిట్ కాదు, అంతా చేత్తోనే. అసలు బండిలో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 100 అంగుళాలు, నాకు 12.5 వచ్చింది. ఛాసిస్ అయిపోయింది. రేడియేటరు ఇత్తడి తొడుగే కుదరట్లేదు. వంచితే మూలల్లో చిట్లుతోంది, వెండి టంకం పెడితే వంకర పోతోంది. చక్రాల ఆకులకు టేకు పనికొస్తుందా?

ఆకురాయి, కడప:
ప్రొద్దుటూరులో ఉండి ఇత్తడి పని ఇక్కడ అడుగుతున్నావా తమ్ముడూ! ఊరినిండా బంగారు పనివాళ్లే కదా. సరే, మాదీ కంసాలి ఇల్లే, నేనే చెప్తా. వంచే ముందు రేకును మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చు, మెత్తబడుతుంది. వంచేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ కాల్చాలి. విసుగే, కానీ వేరే దారి లేదు. ఈ పని నీడలో చెయ్. ఎండలో ఆ ఎరుపు కనపడదు, రేకు కరిగాక గానీ తెలియదు.

వెండి టంకానికి కావలసిన వేడికి పలుచని రేకు వంకర పోక ఏం చేస్తుంది? నీ రేడియేటరులో నీళ్లు మరగవు కదా, తగరం టంకం చాలు. లోపలి నుంచి పెట్టు. బయటికి కారితే ఆ తెల్లమచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

టేకు వద్దు. దాని చారలు ఈ సైజుకు మరీ పెద్దవి, చక్రం చూస్తే కుర్చీ కాలు గుర్తొస్తుంది. వెదురు కణుపుల మధ్య చీల్చుకో, తిన్నగా వస్తుంది. చక్రానికి 12 ఆకులు, అంటే ముప్ఫై డిగ్రీలకొకటి. చక్రం నడిమి హబ్ దగ్గర మొదళ్లను సన్నగా కోసుగా చెక్కితే ఒకదానికొకటి ఆని బిగుసుకుంటాయి. అసలు చక్రమూ అంతే.

రంగులపని, అనంతపురం:
నలుపేగా? 1914 నుంచి 1925 దాకా ఇంకో రంగు లేదు. మన ఎండల్లో మధ్యాహ్నం స్ప్రే పట్టావంటే పెయింటు గాల్లోనే ఆరిపోయి పొడిలా పడుతుంది. పొద్దున్నే కొట్టెయ్. మరీ తళతళలాడితే ఆటబొమ్మ అయిపోతుంది. అన్నట్టు టైర్లకు నలుపు పూయొద్దు, అప్పట్లో చాలా టైర్లు తెల్లటి బూడిద రంగులోనే ఉండేవి.

డ్రాయింగుల పిచ్చి, కర్నూలు:
ఒక సంగతి చూసుకోండి. అమెరికాలో చేసిన టూరింగ్ బండికి డ్రైవరు వైపు తలుపు ఉత్త గీతే, తెరుచుకోదు. మన దేశానికి ఫోర్డులు కెనడా కంపెనీ నుంచి వచ్చేవి. స్టీరింగ్ కుడివైపు, తలుపు నిజం తలుపే. మీది ఏ బండి?

పాతబండి:
అయితే కుడి స్టీరింగే పెడతా. తలుపులు ఇంకా కోయలేదు, మంచిదైంది. కడప అన్నా, తగరం టంకానికి ఫ్లక్స్, అదే టంకం అంటుకోవడానికి ముందు పూసే మందు, ఏది?

ఆకురాయి:
జింక్ క్లోరైడ్. పని కాగానే వేడినీళ్లతో బాగా కడుగు, లేకపోతే ఇత్తడికి చిలుము పడుతుంది. వెలిగారం దీనికి వాడొద్దు, ఆ కొద్ది వేడికి అది కరగదు.