వాడిన తెరచాప పడవ: కాటలీనా 22 కొనాలా, జె/24 కొనాలా?

రెండు పాత పడవల మధ్య మూడు వారాలుగా తేల్చుకోలేకపోతున్నాను. శని, ఆదివారాల్లో ఇద్దరం పడవలోనే పడుకుంటూ తిరగాలి, నెలకు రెండు రేసులైనా వెయ్యాలి.

కాటలీనా 22కి పైకెత్తే కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగే బరువైన రెక్క) ఉంది. ఎత్తితే రెండడుగుల నీళ్లు చాలు, ట్రైలర్ మీంచి దించడం తేలిక. కానీ కీల్ దించి పడవను ఊపితే టక్‌మని కొట్టుకుంటోంది, కీల్‌ను పట్టి ఉంచే పిన్ను అరిగినట్టుంది.

జె/24 కీల్ కదలదు, నాలుగడుగుల లోతు కావాలి. పది నాట్ల (గంటకు సుమారు పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల) గాలిలో నడిపి చూశాను. చుక్కాని రెండు వేళ్లకే పలికింది, ఆ హాయి ఇంకా చేతిలోనే ఉంది! లోపల మాత్రం నిలబడలేం, రేసుకు మామూలుగా ఐదుగురు ఉంటారు. డెక్‌ను (పడవ పైభాగాన్ని) ప్లాస్టిక్ సుత్తితో తట్టితే మాస్ట్ (తెరచాప స్తంభం) దగ్గర జానెడు మేర మొద్దు శబ్దం వచ్చింది. డెక్ పొరల మధ్య ఉండే తేలికైన బాల్సా చెక్క నానిందేమో. తేమ మీటరు పొద్దున ఒక అంకె, ఎండెక్కాక ఇంకొకటి చూపించింది, కాబట్టి దాన్ని బట్టి తేల్చలేకపోయాను. రెండింటి మరమ్మతు ఖర్చూ లెక్కేశాను, పెద్ద తేడా లేదు.

అందుకే ఒక్కటే అడుగుతున్నాను: చిన్న జిబ్‌తో (ముందు తెరచాపతో), స్పిన్నేకర్ (వెనక గాలికి ఎత్తే బెలూన్ లాంటి పెద్ద తెరచాప) లేకుండా, పదిహేను నాట్ల గాలిలో జె/24 ఇద్దరి చేతికి లొంగుతుందా?