సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ చేప ఫ్లై వెనకే వచ్చి వెళ్ళిపోతోంది, ఏం మార్చాలి?

అందరికీ నమస్కారం. మేం పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఉంటాం. చిన్నప్పుడు గోదావరి కాలవలో వానపాము గుచ్చి గాలం వేయడం తెలుసు గానీ, ఫ్లై ఫిషింగ్ (హుక్‌కి ఈకలూ వెంట్రుకలూ కట్టిన ఉత్తుత్తి ఎర, అంటే ఫ్లైతో చేపలు పట్టడం) ఈ ఏడాదే మొదలుపెట్టాను. నేను వాడేది 7 వెయిట్ రాడ్ (గాలం కర్ర), ఫ్లోటింగ్ లైన్ (నీటి మీద తేలే దారం), 9 అడుగుల లీడర్ (దారం చివర ఫ్లైని కట్టే సన్నటి దారం).

ఈ నదిలోని చేపల కోసమే 1987లో బాబ్ క్లౌజర్ తయారుచేసిన, చిన్న చేపలా కనిపించే క్లౌజర్ మిన్నో అనే ఫ్లైనే వాడుతున్నాను, తెలుపూ చార్ట్రూజూ (పసుపు కలిసిన ఆకుపచ్చ) కలిసినది. దానికి కట్టిన లోహపు కళ్ళ బరువుకి హుక్ మొన పైకి తిరుగుతుంది కాబట్టి రాళ్ళకి అంతగా చిక్కుకోదు. జూన్‌లో బాగానే పడ్డాయి. ఇప్పుడు ఆగస్టులో నీళ్ళు మోకాలి లోతుకి తగ్గి అద్దంలా తేరుకున్నాయి. మొన్న ఒకటి రాయి చాటు నుంచి వచ్చి, ఫ్లైకి జానెడు దూరంలో రెండు బారలు వెంబడించి, ముట్టకుండానే తిరిగిపోయింది. ప్రాణం ఉసూరుమంది.

అలా వెంటపడినప్పుడు లాగడం ఆపి ఫ్లైని కిందికి దిగనివ్వాలా, ఇంకా వేగంగా లాగాలా? హుక్ సైజు 4 నుంచి ఇంకా చిన్నదైన 8కి మారాలా? రాళ్ళ కింద క్రేఫిష్‌లు (రొయ్యల్లాంటివి) చాలా ఉన్నాయి, గోధుమరంగు వూలీ బగ్గర్ అనే ఫ్లైని అడుగున పాకిస్తే నయమా? చీకటి పడే వేళ తెల్ల మేఫ్లైలు ఈసుళ్ళలా లేస్తున్నాయి, అప్పుడు పాపర్ (నీటి మీద తేలుతూ చప్పుడు చేసే ఎర) పనిచేస్తుందా?

పట్టినవన్నీ తిరిగి నీళ్ళలోకే వదిలేస్తున్నాను. ఈ నదిలో అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.