నోకియా 7270: వస్త్రం చుట్టిన పాత మడత ఫోను కొనవచ్చునా?

ప్రశ్న, విల్లివాక్కం నుంచి:

సభ్యులందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్ చార్జరు కోసం మొన్న చెన్నైలో ఎలక్ట్రానిక్ సరుకులు అమ్మే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళినప్పుడు, ఒక చిన్న దుకాణంలో గాజు బల్ల కింద, తీగలు తెగిన హెడ్‌ఫోన్ల మధ్య ఒక నోకియా మడత ఫోను నా కంట పడింది. దాని పైమూత మీద నడుముకు పట్టీ చుట్టినట్లుగా ఒక వస్త్రం చుట్టి ఉంది. ఫోనుకు గుడ్డ తొడగడమేమిటని మొదట నవ్వుకున్నాను గాని, చేతిలోకి తీసుకున్న తరువాత వదలబుద్ధి కాలేదు. దుకాణదారు దానిని ఒకసారి 7200 అని, మరొకసారి 7270 అని అంటూ, ఎవరూ వాడని కొత్త సరుకని చెప్పి 3,800 రూపాయలు అడిగారు. బ్యాటరీలో చార్జింగు లేనందున వెలిగించి చూపలేదు.

మా అమ్మాయి వస్త్ర రూపకల్పన చదువుతున్నది కనుక ఆమెకు కానుకగా ఇవ్వాలని ఒక ఆలోచన. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరును అందులో వేసి వాడుకోవచ్చునేమోనని మరొక ఆలోచన. నా దగ్గర జియో సిమ్ము ఒకటి, ఎయిర్‌టెల్ సిమ్ము ఒకటి ఉన్నాయి. శనివారం మళ్ళీ వెళ్తాను. ఏమేమి చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం, అణ్ణానగర్ నుంచి (పాత ఫోన్లు సేకరించే సభ్యుడు):

ముందుగా ఆ రెండు నంబర్ల చిక్కు విప్పుదాం. గుడ్డ తొడిగిన నోకియా మడత ఫోన్లు రెండు ఉన్నాయి. 2003 నవంబరులో ప్రకటించిన 7200కు వస్త్రపు తొడుగులు వచ్చేవి. 2004లో నోకియా ఫ్యాషన్ పేరిట 7260, 7270, 7280 అనే మూడు ఫోన్లను ఒక వరుసగా తెచ్చింది. వాటి రూపానికి ప్రేరణ 1920ల నాటి ఆర్ట్ డెకో శైలి. ఆ మూడింటిలో మడత పడేది 7270 ఒక్కటే. అంకెల మీటలే లేకుండా లిప్‌స్టిక్ గొట్టంలా ఉండే 7280 ఎక్కువ పేరు తెచ్చుకున్నది గాని, నా దృష్టిలో చేతికి హాయిగా ఉండేది 7270యే. మీరు చెప్పిన పట్టీ వర్ణన కూడా దానికే సరిపోతున్నది.

దుకాణంలో తేడా తేల్చుకోవడానికి బ్యాటరీ చూస్తే చాలు. 7200కు బీఎల్‌డీ-3 పడుతుంది, 7270కు బీఎల్-4సీ పడుతుంది. ఇది కేవలం గుర్తింపు కోసం చెప్పడం లేదు. బీఎల్-4సీ ఆ తరువాత ఎందరో వాడిన 6300కు కూడా పడేది కాబట్టి నేటికీ సులభంగా దొరుకుతుంది. బీఎల్‌డీ-3 కోసమైతే బర్మా బజారు అంతా తిరగవలసి రావచ్చు. అక్కడ దొరికేది కూడా ఎన్నేళ్ళుగా మూలన పడి ఉన్నదో తెలియదు.

ఇక ఈ ఫోను విలువ ఎక్కడ ఉందన్నది అసలు విషయం. కెమెరా వీజీఏ, అంటే 640 బై 480 చుక్కలు మాత్రమే. నెట్‌వర్కు 2జీ. పనిముట్టుగా చూస్తే వెయ్యి రూపాయల కొత్త మీటల ఫోను దీనికంటే మేలు. కాబట్టి మీరు డబ్బు పెట్టేది ఆ వస్త్రానికీ, దాని కింద ఉన్న మూతకూ, ఆ రెండూ కలిసి ఇచ్చే రూపానికీ. వస్త్రం అసలుది కాకపోతే మిగిలేది ఒక సాధారణ పాత ఫోను. ఆ పట్టీని వాడేవారు తమ దుస్తులకు తగినట్లు మార్చుకునేలా చేశారు. అందువలన అది జిగురు లేకుండా సులువుగా ఊడి రావాలి, తిరిగి బిగుతుగా కూర్చోవాలి. దుకాణదారు అనుమతితో దానిని తీసి లోపలివైపు చూడండి. ఇరవై ఏళ్ళ చెన్నై ఉక్కపోతలో గుడ్డకు బూజు పట్టి ఉండవచ్చు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కంటికి తెలియనిది వాసనకు తెలుస్తుంది. అంచులను మాత్రం గోటితో గీకవద్దు, పోగులు లేచిపోతాయి.

సమాధానం, కొరుక్కుపేట నుంచి (సెల్‌ఫోన్లు బాగుచేసే సభ్యుడు):

పై మిత్రులు వస్త్రం గురించి చెప్పారు, బాగుంది. అయితే నా బల్ల మీదకు వచ్చిన మడత ఫోన్లలో చాలావాటికి జబ్బు ఒక్కచోటే ఉండేది, అది మడత దగ్గర. పైన పటారం లోన లొటారం అన్న మాట వీటికి సరిగ్గా సరిపోతుంది.

కింది సగంలో బోర్డు, బ్యాటరీ, మీటలు ఉంటాయి. పై సగంలో తెరలు రెండూ, చెవి దగ్గరి స్పీకరూ ఉంటాయి. రెంటినీ కలిపేది మడత గొట్టంలోనుంచి వెళ్ళే పలుచని ఫ్లెక్స్. కాగితమంత మందాన ఉండే ఆ పట్టీలో వెంట్రుకల వంటి రాగి గీతలుంటాయి. మూత తెరిచినప్పుడల్లా అవి వంగుతాయి. కొన్ని వేలసార్లు వంగిన తరువాత ఏదో ఒక గీత చిట్లుతుంది. అప్పుడు లోపలి తెర తెల్లబడిపోవడమో, మూతను ఒక కోణంలో ఆపితేనే బొమ్మ రావడమో, మాట్లాడుతుండగా అవతలివారి గొంతు ఆగిపోవడమో జరుగుతుంది. తెర పోయిందని దుకాణాలవారు చెప్పే సందర్భాలలో చాలాసార్లు తెరకు ఏమీ కాదు, పోయేది ఫ్లెక్సే.

అందుచేత శనివారం మీరు చేయవలసినది ఇది. 6300 వాడినవారి ఇంట్లో మంచి బీఎల్-4సీ దొరికితే చార్జి చేసి వెంట తీసుకువెళ్ళండి, చార్జింగు లేదన్న సాకు అక్కడితో తీరుతుంది. దుకాణంవారి బ్యాటరీని గాజు బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పి చూడండి. బొంగరంలా తిరిగితే అది ఉబ్బినట్లే, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఫోను వెలిగిన తరువాత మూతను ఒక్కసారిగా కాక, చాలా నెమ్మదిగా, మధ్యమధ్య ఆపుతూ తెరవండి, మూయండి. ఏ కోణంలోనైనా బొమ్మ వణికినా, గీతలు పడినా, వెలుగు తగ్గినా ఫ్లెక్స్ చివరి రోజుల్లో ఉన్నట్లు. తరువాత ఒక కాల్ చేసి, మాట్లాడుతూనే మూతను అటూ ఇటూ కొద్దిగా కదపండి. మూత మూసినప్పుడు లోపలి వెలుగు ఆరిపోతున్నదో లేదో కూడా గమనించాలి. ఆరకపోతే మూత మూసిన సంగతి బోర్డుకు తెలియడం లేదన్నమాట, అటువంటిది జేబులో ఉండగానే బ్యాటరీని తాగేస్తుంది.

మడత ఎంత వదులుగా ఉందో కూడా చూడండి. మూత తెరిచి, పై సగాన్ని ఎడమకూ కుడికీ సున్నితంగా నెట్టితే కొద్దిగా కదలడం సహజం. టకటక చప్పుడు వస్తే లోపలి స్ప్రింగు అరిగినట్లు. కొత్త సరుకని చెప్పిన ఫోనులో ఆ చప్పుడు రాకూడదు. మీటల మీది అంకెలు మెరుస్తూ ఉండి మడత మాత్రం వదులుగా ఉంటే, మీటల పలకను మార్చారని అర్థం.

ఇంకొక మాట. దాని చార్జరు లావు పిన్నుది, 3.5 మిల్లీమీటర్లది. తరువాతి నోకియాల సన్న పిన్ను అందులో పట్టదు. వైరు చివర తగిలించే మార్పిడి పిన్నులు మాత్రం చవకగానే దొరుకుతాయి.

సమాధానం, తాంబరం నుంచి:

జియో సిమ్ము సంగతి మరచిపోండి. జియోకు 2జీ లేదు, దాని నెట్‌వర్కు 4జీతోనే మొదలయింది. ఎయిర్‌టెల్ సిమ్ము పనిచేస్తుంది, ఎందుకంటే ఆ ఫోను పట్టుకునే 900, 1800 మెగాహెర్ట్‌జ్ 2జీ సేవ వారికి ఇంకా ఉంది. మీది నానో సిమ్ము అయితే ప్లాస్టిక్ చట్రం కావాలి. చట్రంలోనుంచి సిమ్ము జారి లోపల ఇరుక్కోకుండా బ్యాటరీ పెట్టే ముందు ఒకసారి సరిచూసుకోండి.

ఓటీపీలు ఇంగ్లిషులో వస్తాయి కనుక చదవగలరు. తెలుగులో వచ్చే సందేశాలు మాత్రం గళ్ళుగళ్ళుగా కనబడతాయి, ఆ ఫోనులో తెలుగు అక్షరాలు లేవు. నా మటుకు నేను బ్యాంకు నంబరును ఇరవై ఏళ్ళ ఫోనుకు అప్పగించను. డబ్బు పంపవలసిన క్షణంలో అది వెలగకపోతే ఎవరిని అడుగుతారు?

సమాధానం, అణ్ణానగర్ నుంచి:

తాంబరంవారి చివరి మాటతో ఏకీభవిస్తాను. మరొక పరీక్ష కూడా మరువవద్దు. ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య వస్తుంది. బ్యాటరీ కింద అంటించిన చీటీ మీద కూడా అదే నంబరు ఉండాలి. కేవైఎం అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు, ఒక ఖాళీ, ఆపైన ఆ 15 అంకెలు రాసి 14422కు సందేశం పంపితే ఆ నంబరు ఏ ఫోనుకు చెందినదో ప్రభుత్వ వ్యవస్థనుంచి జవాబు వస్తుంది. పోయిన ఫోనుగా నిలిపివేసినదా అన్నదీ అందులోనే తెలుస్తుంది. 2009 డిసెంబరు నుంచి మన దేశంలో ఐఎంఈఐ లేని ఫోన్లకు నెట్‌వర్కులు సేవ ఆపివేశాయి కాబట్టి సున్నాల వరుస కనబడితే అక్కడితో ఆగిపోవచ్చు. *#0000# నొక్కితే సాఫ్ట్‌వేరు వెర్షను, దాని తేదీ వస్తాయి.

చీటీ మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉంటే మాత్రం అనుమానించండి. మన పక్కనే ఉన్న శ్రీపెరుంబుదూరు నోకియా కర్మాగారంలో ఉత్పత్తి మొదలయింది 2006లో, ఈ ఫోను వచ్చింది అంతకుముందు. వేరే ఫోను చీటీని దీనికి అంటించినవారు ఆ లెక్క చూసుకోరు.

ప్రశ్న అడిగినవారు, శనివారం రాత్రి:

అందరికీ ధన్యవాదాలు. మా బావగారి పాత 6300 బ్యాటరీని తీసుకుని వెళ్ళాను, అది చక్కగా పట్టింది కనుక ఫోను 7270 అన్నది తేలిపోయింది. వెలిగింది కూడా. బయటి తెర శుభ్రంగా ఉంది. లోపలి తెర పూర్తిగా తెరిచినప్పుడు బాగానే ఉన్నది గాని, సగానికి కాస్త ముందు ఆపితే బొమ్మ మీద అడ్డంగా రెండు గీతలు వస్తున్నాయి. అయిదారుసార్లు చేసి చూశాను, ప్రతిసారీ అక్కడే వచ్చాయి. ఎయిర్‌టెల్ సిమ్ముతో మా ఇంటికి కాల్ చేశాను, గొంతు స్పష్టంగానే వినిపించింది.

*#06#కు వచ్చిన నంబరు, చీటీ మీది నంబరు వేర్వేరుగా ఉన్నాయి. 14422కు పంపినప్పుడు ఫోనులోని నంబరు నోకియా 7270దే అని జవాబు వచ్చింది, చీటీ మీదిది 6170 అనే మరొక నోకియా మడత ఫోనుదని వచ్చింది. వస్త్రం ఒకవైపు సులువుగా ఊడింది, రెండవవైపు ఏదో జిగురుతో అంటించి ఉంది. దుకాణదారు ఏమాత్రం తొణకకుండా, జిగురు ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చిందన్నారు. ఇప్పుడు 2,500కు ఇస్తానంటున్నారు. ఏమి చేయమంటారు?

సమాధానం, కొరుక్కుపేట నుంచి:

ఫోనులోని నంబరు 7270ది కాబట్టి బోర్డు అసలుది. చీటీ ఉన్న కింది చట్రం మాత్రం 6170ది కావచ్చు, లేదా చీటీ ఒక్కదానినే అక్కడ అంటించి ఉండవచ్చు. అంటే ఎవరో ఒకసారి దానిని విప్పి, చేతికి దొరికిన భాగాలతో కూర్చారు. దానివలన వాడకానికి నష్టం లేదు గాని, వాడని కొత్త సరుకు అన్న మాట అబద్ధమని తేలింది. రెండు గీతలు వస్తున్న ఫ్లెక్స్ కొద్ది నెలలు ఆగవచ్చు, రేపే పోవచ్చు. దానికి కొత్త ఫ్లెక్స్ దొరకడం కష్టం, దొరికినా వేసే చేయి కావాలి. వాడకానికి కొనేటట్లయితే వద్దు.

సమాధానం, అణ్ణానగర్ నుంచి:

అమ్మాయికి చూపడానికే అయితే నేను 1,000 నుంచి 1,200 వరకు ఇస్తాను, అంతకు మించి ఇవ్వను. జిగురు అంటిన భాగాన్ని ఆమెకే అప్పగించండి. మనకంటే ఆమెకే గుడ్డ సంగతి బాగా తెలుసు.

ప్రశ్న అడిగినవారు, సోమవారం:

1,100కు ఇచ్చారు. మొదట 2,000 దగ్గర బిగుసుకున్నారు గాని, రెండు ఐఎంఈఐ నంబర్లూ కాగితం మీద పక్కపక్కన రాసి చూపేసరికి మెత్తబడ్డారు. మా అమ్మాయి వస్త్రాన్ని భూతద్దం కింద చూసి, ఊడిన వైపు అంచు కుట్టు ఒకలా, జిగురు వైపు కుట్టు మరొకలా ఉన్నాయని, పాత పట్టీ చిరిగితే సగం ముక్కకు కొత్త గుడ్డ అతికారని చెప్పింది. ఎక్కడ కొత్తదో తెలిసిపోయింది కనుక ఆ సగాన్ని తానే మళ్ళీ నేస్తానంటున్నది. ఓటీపీ సిమ్మును తిరిగి నా మామూలు ఫోనులోనే పెట్టుకున్నాను. చివరిగా ఒక సందేహం. దీనిని అలమారలో పెట్టేటప్పుడు బ్యాటరీ లోపలే ఉంచవచ్చునా?

సమాధానం, కొరుక్కుపేట నుంచి:

వద్దండీ. బ్యాటరీని సగం చార్జింగుతో తీసి వేరే డబ్బాలో పెట్టండి, లేకపోతే పాతబడి కారినప్పుడు బోర్డు పాడవుతుంది. మూత మూసి ఉంచితే ఫ్లెక్స్ మీద ఒత్తిడి ఉండదు. వస్త్రాన్ని విడిగా కాగితంలో చుట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పక్కన వేయండి, వర్షాకాలం ముందు దానిని మార్చండి. నాలుగైదు నెలలకొకసారి బ్యాటరీ వేసి వెలిగించి చూడవచ్చు, అప్పుడు మూతను ఒక్కసారే, పూర్తిగా తెరవండి.