ఆడలేక మద్దెల... ఓడా, ఓడు అనా, మద్దెలోడు అనా?

(విశాఖ చుట్టుపక్కల వాళ్ళ చర్చ. ఎవరుండే చోటు పేరే వాళ్ళ పేరు.)

సీతమ్మధార:
సామెత అందరికీ వచ్చినదే. తోక దగ్గరే పట్టు దొరకడం లేదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు". విడదీస్తే ఓడు + అన్నట్టు కావచ్చు, ఓడ + అన్నట్టూ కావచ్చు. సంధిలో అచ్చు పోయింది కాబట్టి రాత చూసి తేల్చలేం. "మద్దెల ఓటిదన్నట్టు" అని కూడా విన్నాను. 'ఓడు' అంటే పగిలినదనా, శ్రుతి దిగినదనా? వాద్యం పట్టుకునేవాళ్ళకి ఇవి రెండు వేరు జబ్బులు. శ్రుతి బిగిస్తే కుదురుతుంది, పగులు కుదరదు. ఆట రాని మనిషి ఏ జబ్బును వంకగా చూపించిందో తెలిస్తే తప్ప సామెత పదును పూర్తిగా తెలియదు.

భీమిలి:
'ఓడ' పాఠానికి అన్వయం కుదరదు, వదిలేద్దాం. 'ఓడు' నామవాచకం, ఔపవిభక్తిక రూపం, అంటే విభక్తి చేరే ముందు మారే రూపం, 'ఓటి'. కాడు-కాటి, గూడు-గూటి, నాడు-నాటి వరసలోదే. ఇ, టి, తి వర్ణాల గురించి చిన్నయసూరి చెప్పినది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఓటికుండ అంటే పగులు బారిన కుండ. మద్దెల ఓడు అంటే పగిలిన మద్దెల. 'ఓటిది' అన్నవాళ్ళూ ఆ మాటే అంటున్నారు. నా లెక్కలో ఇందులో తగువు లేదు.

గాజువాక:
భీమిలి మాస్టారూ, పగులే అనుకుందాం. ఎక్కడి పగులు? డ్రమ్ ఓటిగా పలికినంత మాత్రాన అది పగిలినట్టు కాదు. 14 అంగుళాల స్నేర్, అంటే డ్రమ్ కిట్‌లో కింద తీగలు బిగించిన డ్రమ్, తీసుకోండి. బిగించే మరచీలలు, అంటే పది రాడ్లూ విప్పి, మూతను పట్టే కడియం హూప్‌ను గ్రానైట్ బండ మీద పెట్టి ఒక పక్క నొక్కండి. రెండో పక్క లేచి టకటకమంటే హూప్ వంగినట్టు. తర్వాత డ్రమ్ ఒంటిని, అంటే షెల్‌ను, అదే బండ మీద నిలబెట్టి, లోపల టార్చి పెట్టి, గదిలో దీపం ఆర్పండి. అంచు కింద నుంచి వెలుగు గీతలా బయటికొచ్చిన చోట బేరింగ్ ఎడ్జ్ (హెడ్, అంటే డ్రమ్ మూత, ఆనే అంచు) పల్లంగా ఉంది. అక్కడ హెడ్ ఎంత బిగించినా గురగురమంటూనే ఉంటుంది. ఆ తర్వాత షెల్ చుట్టూ వేలి మెటికతో కొట్టుకుంటూ రండి. చెక్క పొరలు విడిపోయిన చోట మోత చచ్చిపోతుంది. అసలైన 'ఓడు' అదొక్కటే.

మన ఊళ్ళో ఎక్కువగా కనిపించేది ఇవేవీ కావు, తుప్పు. సముద్రపు గాలికి రాడ్ మర తుప్పుపడుతుంది. డ్రమ్ తాళంచెవితో తిప్పితే చేతికి బిగుతుగా తగులుతుంది. కానీ ఆ బిగువు మరలోది, హెడ్‌ది కాదు. హెడ్ అక్కడ వదులుగానే ఉంటుంది. అది తెలియక హెడ్ పోయిందనుకుని కొత్తది కొంటారు. రాడ్లన్నీ తీసి, మర తుడిచి, వేజలిన్ పలచగా రాసి మళ్ళీ ఎక్కించాలి. ముందు వేళ్ళతో బిగిసినంత బిగించి, తర్వాత ఎదురెదురు రాడ్లను జతగా అరచుట్టు, ఆపైన పావుచుట్టు. ప్రతి రాడ్ దగ్గరా అంచు నుంచి ఓ అంగుళంన్నర లోపలికి పుల్లతో మెల్లగా తట్టి వినాలి. ఒకచోట స్వరం తక్కువ వచ్చిందని ఆ ఒక్క రాడ్‌నే తిప్పుకుంటూ పోకూడదు, దాని ఎదుటిది కూడా చూడాలి. ఒకటి బిగిస్తే ఎదుటి వైపు స్వరం కూడా కదులుతుంది.

పెందుర్తి:
మీరంతా మద్దెల దగ్గరే ఆగిపోయారు. మా వైపు డప్పు కొట్టేవాడు డప్పోడు, సన్నాయి ఊదేవాడు సన్నాయోడు, మద్దెల వాయించేవాడు మద్దెలోడు. "ఆడలేక మద్దెలోడన్నట్టు" అని కలిపి చదవండి. ఆట రాని మనిషి తప్పెవరిదంటే "మద్దెలోడు" అని వేలు చూపిస్తుంది. వాద్యం పగలనక్కర్లేదు, శ్రుతి దిగనక్కర్లేదు. నింద మనిషి మీదకి పోతుంది. ఆడేవాళ్ళకీ కొట్టేవాళ్ళకీ మధ్య నడిచే తగువు ఇదే కదా.

భీమిలి:
పెందుర్తి గారూ, వాడుకలో 'వాడు' 'ఓడు' అవుతుంది, కాదనను. కానీ "మద్దెలోడన్నట్టు" అంటే వాక్యం సగంలో ఆగిపోతుంది. మద్దెలోడు ఏమిటి? చెడ్డవాడా, తాళం తప్పినవాడా? ఆఖ్యాతం, అంటే వాక్యాన్ని ముగించే మాట, లేదు. 'ఓడు' నామవాచకమైతే "మద్దెల ఓడు" నిండు వాక్యం. పైగా 'ఓటిది' పాఠం ఒకటి ఉందని మరిచిపోతున్నారు. మీ దారిలో దానికి చోటే లేదు.

విజయనగరం:
వ్యాకరణం పక్కన పెట్టి మాత్రలు లెక్కపెట్టండి. ఆడ | లేక | మద్దె | లోడు. మూడేసి మాత్రలు, నాలుగు గణాలు, మొత్తం 12. తకిట తకిట తకిట తకిట. ఎక్కడా చెయ్యి ఆగదు. "మద్దెల ఓడు" అని విడదీస్తే మూడో గణం నాలుగు మాత్రలై లెక్క 13కి పోతుంది, నడక కుంటుతుంది. మద్దెల గురించిన సామెత మద్దెల మీద కుదరకుండా పుట్టిందంటే నేను నమ్మను. సంధి కలిసిన రూపమే అసలుది. అర్థం భీమిలి మాస్టారిదా, పెందుర్తి వారిదా అన్నది నాకు రెండో మాట.

మాట మధ్యలో గణం తెగడం తప్పని ఎవరైనా అంటారేమో, అందుకే గురజాడను తలుచుకుంటున్నాను. 1910లో ఆయన ముత్యాలసరంలో చేసింది అదే. "గుత్తునా ముత్యాల సరములు": గుత్తు | నాము | త్యాల | సరములు. 3, 4, 3, 4. 'ముత్యాల' నడుము విరిగి, దాని మొదటి అక్షరం 'నా'తో కలిసింది. కంటితో చదివితే తెలియదు. తొడ మీద తాళం వేసుకుని చదివితే దెబ్బ 'ము' మీద కాదు, 'నా' మీద, 'త్యా' మీద పడుతుంది. పదాన్ని దాటి లయ పోవడమే ఆ ఛందస్సు అందం. ఈ పాదాన్ని ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాకు తనివి తీరదు.

గాజువాక:
ఇది డ్రమ్ కిట్ మీద ఎలా కుదురుతుందో చెప్పకుండా ఉండలేను. పాదానికి 14 మాత్రలంటే ఏడేసి దెబ్బల ఆవృత్తాలు రెండు. జత తాళాలు, అంటే హై హ్యాట్, ఏడూ వాయిస్తుంది. కాలితో కొట్టే కిక్ డ్రమ్ 1 మీద, స్నేర్ 4 మీద. అప్పుడు మొదటి ఆవృత్తంలో స్నేర్ 'నా' మీద, రెండోదాంట్లో 'సరములు'లోని 'స' మీద పడుతుంది. చాలామంది చేసే తప్పు ఏమిటంటే 4+3 గా పట్టుకుని స్నేర్‌ను 5 మీద వేస్తారు. మొదటిసారి దెబ్బ 'నా' దీర్ఘం మధ్యలో దిగుతుంది. రెండోసారి 'స' తప్పి 'ర' మీద పడుతుంది. పాడేవాళ్ళకి ఊపిరి తీసుకునే చోటు దొరకదు. లయ లెక్కపెట్టే క్లిక్ శబ్దం పెట్టుకునేటప్పుడు 1 మీద ఒక శబ్దం, 4 మీద వేరే శబ్దం పెట్టుకోవాలి. ఏడూ ఒకేలా టిక్కుమంటే నాలుగేసి దెబ్బల 4/4కి అలవాటుపడ్డ చెయ్యి తెలియకుండానే ఎనిమిదోది వేసేస్తుంది.

ఎంవీపీ కాలనీ:
పెందుర్తి గారి మాటకి రికార్డింగ్ వైపు నుంచి ఒక బలం, ఒక సవరణ. డ్రమ్ ఓటిగా వినిపిస్తే ముందు వాద్యాన్ని అంటారు, తర్వాత వాయించేవాడిని అంటారు. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి. స్నేర్ నడుమ దారం కొస ఆనించి, కిట్ పైన వేలాడే రెండు ఓవర్‌హెడ్ మైకులకూ అదే దారంతో కొలవండి. ఒకటి 30 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే శబ్దం అక్కడికి దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపి వింటే 570 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్నేర్‌లో కండ ఉండేది అక్కడే. అది పోయి రేకు డబ్బా మోత మిగులుతుంది. స్నేర్ కింద పెట్టే మైకుదీ ఇదే గొడవ. పుల్ల పడగానే హెడ్ పై మైకుకి దూరం జరుగుతుంది, కింది మైకు వైపు వస్తుంది. అందుకని కింది మైకు పొలారిటీ (సంకేతంలో ధన రుణాల దిశ) తిప్పాలి. తిప్పకుండా కలిపితే మంచి స్నేర్ కూడా పగిలిన కుండే.

"తాళం వెనకబడింది" అన్న మాట సంగతి కూడా చూడండి. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పోగు చేసే శబ్దపు ముక్కల లెక్క) 256 ఉంటే ఒక వైపుకే 5.3 మిల్లీసెకన్లు. పోనూ రానూ కలిపి 10 దాటుతుంది. వాయించేవాడు హెడ్‌ఫోన్‌లో తన దెబ్బ ఆలస్యంగా విని, సరిచేసుకోబోయి ముందుకు పరిగెడతాడు. బఫర్ 64కి దించండి, లేదా కంప్యూటర్ దాకా పోకుండా ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా వినిపించండి. సామెతలో మద్దెల, మద్దెలోడు కాక మూడో ముద్దాయి కూడా ఉన్నాడు.

సీతమ్మధార:
అందరికీ నమస్కారం. నా ప్రశ్నలో ఒక ముక్క ఇంకా మిగిలే ఉంది, శ్రుతి దిగడం. అలాగే 'ఓడు' క్రియకి కారడం అనే అర్థం ఉంది కదా, నెత్తురోడుతోంది అంటాం. మద్దెల ఓడు అంటే లోపలి గాలి కారిపోతున్న మద్దెల అనుకోవచ్చా?

ఆరిలోవ:
అక్కా, శ్రుతి దిగడానికి వేరే మాటలున్నాయి. మూత మెత్తబడింది అంటాం, దిగింది అంటాం, డప్పు అయితే కాచాలి అంటాం. ఓడిందని ఎవరూ అనరు. తోలు గాలిలోని తేమ పీల్చుకుని సాగుతుంది, స్వరం దిగుతుంది. బీచ్ రోడ్డు మీద సాయంత్రం కచేరీకి, ఏసీ గదిలో రికార్డింగ్‌కి ఒకే శ్రుతి నిలవదు. ఏసీలో తోలు ఆరుతుంది, కుడి మూత స్వరం పైకి పోతుంది. అందుకే మృదంగాన్ని సంచిలోంచి తీసి అరగంటైనా ఆ గదిలోనే ఉంచి, అప్పుడు శ్రుతి చేయాలి. కుడి మూత అంచు మీద పుల్ల ఆనించి రాయితో కిందికి కొడితే స్వరం పెరుగుతుంది, ఎదురు దెబ్బ వేస్తే తగ్గుతుంది. తోలు వారు (పట్టీ) పట్టిన పదహారు చోట్లా స్వరం ఒకటయ్యేదాకా తిరగాలి.

ఎడమ వైపు బొంబాయి రవ్వ ముద్ద. ముందు తోలును తడిచేత్తో తుడవాలి. పొడి తోలుకి ముద్ద అంటదు. రవ్వలో నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ, వేళ్ళకి అంటుకుంటూ సాగేదాకా పిసకాలి. అరచేతి గుంటంత వెడల్పున నడుమ అద్దాలి. బరువు పెరిగితే స్వరం దిగుతుంది, కాబట్టి కింది షడ్జం దగ్గరికి వచ్చేదాకా కొంచెం చేర్చడం, కొంచెం గిల్లడం. ఏసీ గాలి సూటిగా తగిలితే ముద్ద అంచులు ఎండి పెచ్చు లేస్తాయి, గుమికీ (ఎడమ మూత మీద చెయ్యి జారిస్తే పలికే గుంకారం) రాదు. రెండు టేకుల మధ్య వేలు తడిచేసి అంచు అద్దుకోవాలి.

గాలి సంగతికొస్తే మృదంగం కట్టె నిజంగా బిగుతుగా ఉండాలి. ఎడమ మూత మీద అరచెయ్యి ఆనించి కుడివైపు కొడితే చేతికి తోపు తగలాలి. పనస కట్టెకి పగులుంటే ఆ తోపు చచ్చిపోతుంది. అంటే కారడమూ పగలడమూ ఒకే జబ్బు.

గాజువాక:
కిట్‌లో అలా కాదు తమ్ముడూ. టామ్ షెల్‌కి కావాలనే చిన్న రంధ్రం పెడతారు, గాలి పోవడానికి. ఓటిగా పలకదు. కాబట్టి కారడం వల్లే ఓడు అయిందని చెప్పలేం. పగులు దగ్గర రెండు అంచులు ఒకదానికొకటి రాసుకుని జీరపోతాయి, ఆ జీరే ఓడు. కంచు పళ్ళెం, అంటే సింబల్‌ది కూడా అదే కథ. అంచున అంగుళం పగులొస్తే ఆ పెదవులు రాసుకుని గరగరమంటాయి. పగులు ఆగిన చోట చిన్న బెజ్జం వేస్తే ముందుకు పాకడం నెమ్మదిస్తుంది.

ఆరిలోవ:
ఆ లెక్కన కుడి మూత మీద నల్లపూత నిండా సన్నని పగుళ్ళే. పొర మీద పొర వేసి, రాయితో రుద్దేటప్పుడే అవి రావాలి. రాకపోతే పూత గట్టిపడి మూత కదలదు. ఒక పెళ్ళ ఊడిపోతేనే కీచుమంటుంది. ఆ పూత వల్లే మృదంగం అనుస్వరాలు (మూలస్వరంతో పాటు పలికే పై స్వరాలు) తీగ మీద వచ్చినట్టు మూలస్వరానికి రెండింతలు, మూడింతలుగా వరసలో కుదురుతాయి. 1920లోనే సి.వి. రామన్ చూపించిన సంగతి ఇది. ఆయన చదువుకున్నది మన విశాఖలో, తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠం చెప్పారు. పగుళ్ళున్నా పలికే మద్దెలకి 'ఓడు' అని పేరు పెట్టింది వాయించేవాళ్ళు అయి ఉండరని నా అనుమానం. కుండలు చేసేవాళ్ళ మాట ఇటు వచ్చి ఉంటుంది.

పెందుర్తి:
"రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు" సామెతలో మద్దెలది మనిషి పాత్ర. రోలుకి ఒక పక్కే పోటు, దానికి రెండు పక్కలా దెబ్బలు. మద్దెల మనిషే అయితే 'ఓడు' అంటే ఓడిపోవడం ఎందుకు కాకూడదు?

భీమిలి:
ఓడిపోవడమైతే "ఓడిందన్నట్టు" అనాలి... అని రాయబోయి ఆగాను. 'మద్దెల ఓడు' అన్నది తద్ధర్మార్థక క్రియ కావచ్చు, 'ఓడును'లోని 'ను' పోయిన రూపం. ఎప్పుడూ ఓడేది, ఎప్పుడూ కారేది, రెండూ కుదురుతాయి. ఆఖ్యాతం లేదన్న నా అభ్యంతరం ఇక్కడ నిలవదు. నామవాచకమనే ఇప్పటికీ అంటాను, 'ఓటిది' పాఠం ఉంది కనక. అయితే ఆ పాఠం ఏ ఊళ్ళ వైపు వాడుకో ముందు తెలియాలి. సీతమ్మధార గారూ, మీరు విన్నది ఎటువైపు వాళ్ళ నోట?

సీతమ్మధార:
యలమంచిలి వైపు, మాస్టారూ. కానీ వాళ్ళు 'మద్దెల' అనలేదు, 'మద్దెలు' అన్నారు.

విజయనగరం:
'మద్దెలు' అయితే మాత్రలు మారవు గానీ సంధి మారుతుంది. మద్దెలు + ఓడు, ఉత్వసంధి, నిత్యం. అయితే అది ఏకవచనమా, బహువచనమా?